మట్టిలో లేనిది, ఉప్పుతో వచ్చినది: భారతదేశంలో గళగండ నివారణ చరిత్ర

ప్రకృతిసిద్ధమైన ఆహారమే ఆరోగ్యానికి మూలమన్న విశ్వాసం భారతీయ జీవనంలో అనాదిగా పాదుకొని ఉన్నది. ఆకుకూరలలో ఇనుము, రాగులలో, నువ్వులలో కాల్షియం, పప్పుధాన్యాలలో జింకు పుష్కలంగా ఉన్నాయని ఆధునిక పరిశోధన నిరూపించిన తరువాత ఆ విశ్వాసానికి శాస్త్రబలం కూడా చేకూరింది. అయితే ఈ ఖనిజాలలో ఏ ఒక్కటీ మొక్క స్వయంగా సృష్టించుకొన్నది కాదు. ఎండను, గాలిని, నీటిని ఆధారం చేసుకొని పిండిపదార్థాన్ని తయారుచేసుకోగల మొక్క, ఖనిజాల విషయంలో మాత్రం నేల ముందు చేయి చాపవలసిందే. నేలలో లేనిది మొక్కకు రాదు. మొక్కలో లేనిది పశువుకు గాని, మనిషికి గాని అందదు. హిమాలయ సానువులలోని ప్రజలు శతాబ్దాల తరబడి ఈ సత్యానికి మూల్యం చెల్లించారు. ఆ మూల్యానికి గుర్తుగా వారి కంఠాల మీద నిలిచినదే గళగండం.

ప్రాచీనులకు తెలిసిన వ్యాధి

గళగండం కొత్తగా పుట్టిన వ్యాధి కాదు. సుశ్రుత సంహితలోని నిదానస్థానం గ్రంథి, అర్బుదం మొదలైన వాపులతోపాటు గళగండ లక్షణాలను కూడా వివరించింది. చైనా వైద్యులు సముద్రపు నాచును, ఐరోపా వైద్యులు కాల్చిన స్పంజి బూడిదను ఈ వ్యాధికి ఔషధంగా వాడారు. కారణం తెలియక మునుపే మందు తెలియడం వైద్యచరిత్రలో అరుదైన విషయం కాదు. ఆ నాచులో, ఆ బూడిదలో ఉన్న గుణమేమిటో 19వ శతాబ్దంలో గాని వెల్లడి కాలేదు.

1811లో ఫ్రాన్సు దేశీయుడైన బెర్నార్డ్ కూర్త్వా, సముద్రపు నాచు బూడిద నుండి సూరేకారం తయారీకి కావలసిన లవణాలను తీస్తుండగా ఊదారంగు ఆవిరి వెలువడింది. ఆ ఆవిరి చల్లారి మెరిసే స్ఫటికాలుగా మారింది. అదే అయోడిన్. 1820లో జెనీవా వైద్యుడు కొయిండే దానిని గళగండ చికిత్సకు ఉపయోగించాడు. 1895లో జర్మనీ శాస్త్రవేత్త యూజెన్ బౌమన్, కంఠంలోని అవటు గ్రంథిలో, అనగా థైరాయిడ్ గ్రంథిలో, అయోడిన్ ఉన్నదని కనుగొన్నాడు. శరీరపు ఎదుగుదలను, మెదడు వికాసాన్ని, దేహంలోని ఉష్ణాన్ని నియమించే థైరాక్సిన్ అనే స్రావాన్ని ఈ గ్రంథి ఉత్పత్తి చేస్తుంది. ఆ స్రావానికి అయోడిన్ అత్యవసరం. అది చాలినంత లభించనప్పుడు, ఉన్న కొద్దిపాటినీ ఒడిసిపట్టుకొనే ప్రయత్నంలో గ్రంథి ఉబ్బిపోతుంది. కంటికి కనిపించే గళగండం ఆ విఫలయత్నపు చిహ్నమే.

ఇందుకు కావలసిన అయోడిన్ పరిమాణం అత్యల్పం. వయోజనునికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 70 సంవత్సరాల జీవితానికంతటికీ లెక్కగట్టినా అది 4 గ్రాములను మించదు. ఆ కొద్దిపాటి ద్రవ్యాన్ని కూడా ప్రకృతి అన్నిచోట్లా సమానంగా పంచలేదు. పర్వతసీమలలో హిమానీనదాలు, మంచు, వర్షాలు యుగయుగాలుగా పైమట్టిని కడిగివేశాయి. నీటిలో సులభంగా కరిగే అయోడిన్ ఆ ప్రవాహాలతో సముద్రానికి చేరింది. తరచు వరదలకు లోనయ్యే గంగా, బ్రహ్మపుత్ర మైదానాలదీ ఇదే స్థితి. అటువంటి నేలలో పండిన ధాన్యం చూపునకు పుష్టిగానే ఉంటుంది, రుచికీ లోటుండదు. అయోడిన్ మాత్రం అందులో ఉండదు. ఒకే రకం ఆకుకూర ఒక తావున అయోడిన్‌ను ఇస్తుంది, మరొక తావున ఇవ్వదు.

గిల్గిత్ నుండి కూనూరుకు

భారత ఉపఖండంలో ఈ సమస్యపై తొలినాటి శాస్త్రీయ పరిశీలనలలో రాబర్ట్ మెక్‌కారిసన్ కృషి ప్రసిద్ధమైనది. భారత వైద్య సేవలో చేరిన ఈ యువ వైద్యుడు 20వ శతాబ్దపు తొలి దశకంలో కాశ్మీరుకు ఉత్తరాన ఉన్న గిల్గిత్ ప్రాంతంలో పనిచేశాడు. అక్కడ ఒకే కాలువ నీటిని వరుసగా వాడుకొనే గ్రామాలలో, ఎగువ గ్రామాల కంటే దిగువ గ్రామాలలో గళగండం ఎక్కువగా ఉండడం ఆయన దృష్టిని ఆకర్షించింది. నీటిలోని మలినాలే వ్యాధికారకాలని ఆయన భావించాడు. ఆ నీటి మడ్డిని తానే త్రాగి పరీక్షించుకొనేందుకు కూడా వెనుదీయలేదు. మూలకారణం విషయంలో ఆయన నిర్ణయం తరువాతి కాలపు పరీక్షకు నిలువలేదు. కాని ఆయన 1908లో చిత్రాల్, గిల్గిత్ లోయలలోని క్రెటినిజాన్ని గురించి ప్రకటించిన వివరణ నేటికీ ప్రామాణికమే. పుట్టుకతోనే చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం, నడకలో వైకల్యం కలిగిన పిల్లలు గళగండ సీమలలోనే జన్మించడం ఆయన స్పష్టంగా నమోదు చేశాడు. కంఠం మీది వాపు కేవలం అంద వికారం కాదని, దాని వెనుక మరింత దారుణమైన నష్టం పొంచి ఉన్నదని ఆ పరిశీలన సూచించింది.

మెక్‌కారిసన్ తరువాత నీలగిరులలోని కూనూరులో 1918లో బెరిబెరి వ్యాధి పరిశోధనకు శ్రీకారం చుట్టాడు. ఆ చిన్న ప్రయత్నమే క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. ఆయన వారసుడు వాలెస్ ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారపదార్థాల పోషక విలువలను పట్టికలుగా వెలువరించాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. 2017లో అది వెలువరించిన ఆహార సంఘటన పట్టికలలో 528 ఆహారపదార్థాల వివరాలున్నాయి.

కాంగ్రా లోయలో ఒక పరీక్ష

అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండాన్ని నివారించవచ్చునని అప్పటికే ఇతర దేశాలలో రుజువైంది. స్విట్జర్లాండులో 1922లో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 1924లో అటువంటి ఉప్పు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అయితే శీతల దేశంలో ఫలించిన పద్ధతి ఉష్ణదేశంలో, తేమగాలిలో, గోనెసంచులలో దూరప్రయాణం చేసే ఉప్పు విషయంలో ఫలిస్తుందా అన్న సందేహం మిగిలి ఉన్నది. దానికి సమాధానం కాంగ్రా లోయలో లభించింది.

ఈ కృషికి సారథ్యం వహించినవారు శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖపట్నంలో వైద్యవిద్య ముగించి, ఆక్స్‌ఫర్డులో ఉన్నత పరిశోధన చేసిన ఆయన కూనూరు పరిశోధనాలయంలో పోషకాహార లోపాలపై పనిచేశారు. సముద్రతీరంలో పుట్టిన ఈ వైద్యుడు సముద్రానికి సుదూరంగా ఉన్న కొండప్రజల వ్యాధికి నివారణను అన్వేషించడం విశేషం. అప్పటికి పంజాబులో భాగంగా ఉండి, 1966లో హిమాచల్ ప్రదేశ్‌లో చేరిన కాంగ్రా ప్రాంతంలో 1956లో ఆయన, ఆయన సహచరులు అధ్యయనం ప్రారంభించారు.

వారు లోయను మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పును, రెండవదానికి మామూలు ఉప్పును, మూడవదానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పును సరఫరా చేశారు. ప్రారంభంలో మూడింటిలోనూ బడిపిల్లలలో దాదాపు 38 శాతం మందికి గళగండం ఉన్నది. 1962 నాటికి మొదటి మండలంలో అది 19 శాతానికి, మూడవ మండలంలో 15 శాతానికి తగ్గింది. మామూలు ఉప్పు వాడిన రెండవ మండలంలో చెప్పుకోదగిన మార్పు లేదు. తేడా ఉప్పులోనే ఉన్నదని ఇంతకంటే స్పష్టంగా నిరూపించడం కష్టం. ఫలితం తెలిసిన తరువాత రెండవ మండలానికి కూడా అయోడిన్ ఉప్పును అందించగా అక్కడా వ్యాధి తగ్గుముఖం పట్టింది. వేడిమిని, తేమను తట్టుకొనగల అయోడేట్ ఈ దేశపు వాతావరణానికి అనువైనదని కూడా తేలింది.

డాక్టర్ రామలింగస్వామి తరువాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసి, 2001లో కన్నుమూశారు. ఆయన ఎన్నో పదవులు నిర్వహించినా కాంగ్రా పరిశోధన ఆయన పేరుతో విడదీయరానిదిగా నిలిచింది.

కంఠం నుండి మెదడుకు

కాంగ్రా అనుభవం పునాదిగా 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. ఆనాడు ఈ సమస్య కాశ్మీరు నుండి నాగా కొండల వరకు వ్యాపించిన హిమాలయ మేఖలకే పరిమితమని భావించారు. అయోడిన్ ఉప్పు ఉత్పత్తి అవసరానికి చాలినంత లేదు. గళగండం ప్రాణాంతకం కాదన్న భావన వలన కార్యక్రమానికి తగిన ప్రాధాన్యం కూడా లభించలేదు.

ఈ దృక్పథాన్ని రెండు విషయాలు మార్చాయి. మైదానాలలో, పీఠభూములలో, తీర రాష్ట్రాలలో సైతం గళగండం ఉన్నదని సర్వేలు వెల్లడించడం మొదటిది. 1980వ దశకంలో తూర్పు ఉత్తరప్రదేశ్ జిల్లాలలో జరిగిన పరిశోధన రెండవది. అక్కడ నవజాత శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించగా, పుట్టేనాటికే అవటు గ్రంథి స్రావం లోపించిన శిశువుల సంఖ్య ఆందోళనకరంగా ఉన్నట్లు తేలింది. తల్లి తిన్న అన్నంలో కొరవడిన అణువు గర్భస్థ శిశువు మెదడును కుంటుపరుస్తున్నదని దీని అర్థం. ఆ నష్టాన్ని పుట్టిన తరువాత పూర్తిగా పూడ్చడం సాధ్యం కాదు. కంఠం వాపు లేని బిడ్డ సైతం చదువులో వెనుకబడవచ్చు.

దీనితో దేశమంతటా తినే ఉప్పునకు అయోడిన్ కలపాలని ప్రభుత్వం నిశ్చయించి, 1986 నుండి దశలవారీగా అమలుచేసింది. 1992లో కార్యక్రమం పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. పొరుగుదేశాలు కూడా ఇదే మార్గాన్ని అనుసరించాయి. భూటాన్ 1985లో ఫుంట్‌షోలింగ్‌లో అయోడిన్ ఉప్పు కర్మాగారాన్ని నెలకొల్పగా, బంగ్లాదేశ్ 1989లో ఇందుకై ప్రత్యేక శాసనం చేసింది.

ఉప్పు, శాసనం, స్వేచ్ఛ

ఉప్పుపై శాసనమన్నంతనే భారతీయునికి 1930 నాటి దండి యాత్ర జ్ఞప్తికి రావడం సహజం. పేదవాని ఉప్పుపై పరాయి ప్రభుత్వపు అధికారాన్ని ధిక్కరించిన జాతికి, ఏ ఉప్పు తినాలో స్వదేశీ ప్రభుత్వం శాసించడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న ఎదురైంది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి విక్రయించరాదని 1997లో కేంద్రం నిషేధించింది. నిర్బంధం తగదన్న వాదనతో 2000లో ఆ నిషేధాన్ని తొలగించింది. ప్రజారోగ్య నిపుణుల ఆందోళన మేరకు 2006లో మరల విధించింది. 2011లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కల్తీ నిరోధక చట్టపు పరిధికి లోబడనిదిగా కొట్టివేసినా, వెంటనే శూన్యం ఏర్పడకుండా ఆరు నెలల గడువునిచ్చింది. అదే సంవత్సరం అమలులోకి వచ్చిన ఆహార భద్రతా నియమావళిలో ఆ నిషేధం చోటుచేసుకొన్నది.

ఈ వివాదంలో రెండు పక్షాల వాదనలోనూ న్యాయముంది. నౌపడలో, చినగంజాంలో ఎండకు ఒళ్లు కాల్చుకొంటూ ఉప్పుమడులలో శ్రమించే చిన్న ఉత్పత్తిదారునికి యంత్రం, రసాయనం, సంచి, పరీక్ష అన్నీ అదనపు భారమే. ఆ భారాన్ని అతనికే వదలివేసి శాసనాన్ని మాత్రం అమలు చేయడం ధర్మం కాదు. అయితే సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుందన్నది అపోహ. సముద్రజలంలో ఉన్న అయోడిన్ ఉప్పుగా పేరుకొన్నప్పుడు దాదాపుగా మిగలదు. సైంధవ లవణం సంగతి కూడా అంతే. ప్రకృతి ఉప్పు అన్న పేరొక్కటే గర్భిణికి రక్షణ కాజాలదు. ఇష్టాయిష్టాలను ప్రకటించుకొనగల పెద్దల స్వేచ్ఛతోపాటు, నోరెత్తి అడగలేని శిశువు మెదడు కూడా ఇక్కడ త్రాసులో ఉన్నది.

సాధించినది, మిగిలినది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దాదాపు 94 శాతం కుటుంబాల ఉప్పులో అయోడిన్ ఉన్నట్లు తేలింది. కాని 2018–19లో జరిగిన ప్రత్యేక సర్వే ప్రకారం, అయోడిన్ తగినంతగా ఉన్న ఉప్పు వాడే కుటుంబాలు 76 శాతమే. వినియోగదారుని చేరేనాటికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. ఈ రెండు అంకెల నడుమ ఉన్న అంతరం చాలావరకు ఉప్పు తయారీలో, నిల్వలో ఉన్నది. మూతలేని పాత్రలో, పొయ్యి ప్రక్కన తేమలో ఉంచిన ఉప్పు నుండి అయోడిన్ తొలగిపోతుంది. కల్లుప్పును కడిగి వాడే అలవాటుతో కూడా అది నీటిపాలవుతుంది.

ఖనిజాల విషయంలో లోటు ఎంత హానికరమో, మితిమీరడమూ అంతే హానికరమనడానికి తెలుగునేలే సాక్ష్యం. 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో భారతదేశంలోనే తొలిసారిగా నమోదైన ఫ్లోరోసిస్, తరువాత నల్లగొండలో తరాల ఎముకలను వంచివేసింది. కాంగ్రాలో నేల ఇవ్వకపోవడం శాపమైతే, నల్లగొండలో భూగర్భజలం అతిగా ఇవ్వడం శాపమైంది. రెండుచోట్లా ప్రజలు తమ ఊరిలో పండిన తిండినే తిన్నారు, తమ ఊరి నీటినే త్రాగారు. రెండుచోట్లా వారి అపరాధమేమీ లేదు.

ప్రకృతి ఆహారం మీది గౌరవం సముచితమైనదే. కాని ఆ ఆహారం పుట్టిన నేలను పరీక్షించి తెలుసుకొన్నప్పుడే ఆ గౌరవం సార్థకమవుతుంది. కొండలు పోగొట్టుకొన్న అయోడిన్ సముద్రంలో చేరింది. సముద్రతీరపు ఉప్పుకు దానిని జోడించి మరల కొండలకు చేర్చడం మానవ ప్రయత్నం. ఆ ప్రయత్నం ప్రతి వంటింట్లోని ఉప్పు డబ్బా వరకు చేరి, మూత బిగించి ఉన్నంతకాలమే ఫలిస్తుంది.