మారిషస్ సెలవుల జాబితాలో ఫిబ్రవరి 1

1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందని మనలో చాలామందికి తెలుసు. ఆ జాబితాలోనే ఫిబ్రవరి 1 కూడా ఉంది. అది బానిసత్వ నిర్మూలన దినం. దాని సంగతి తెలియనిదే మన తెలుగువారు అంత దూరం ఎందుకు పోవలసి వచ్చిందో పూర్తిగా బోధపడదని నా అభిప్రాయం.

ఫ్రెంచివారి ఏలుబడిలో మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మనుషులను కొని తెచ్చి ఆ దీవిలో పనికి పెట్టారు. మన దేశం నుంచి తీసుకుపోయిన బానిసలూ కొందరున్నారు. 1794లో పారిస్ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు అమలు చేయించడానికి 1796లో వచ్చిన ప్రతినిధులను దీవిలోని దొరలు ఓడ ఎక్కించి వెళ్ళగొట్టారు! 1810లో దీవి ఆంగ్లేయుల వశమైంది. వారి 1833 నాటి రద్దు చట్టం అక్కడ 1835 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలో నష్టపరిహారం ఉంది. సామ్రాజ్యం మొత్తానికి 2 కోట్ల పౌండ్లు. మారిషస్ వాటా 20 లక్షలకు పైమాటే. అదంతా యజమానులకే. బానిసలకు దమ్మిడీ లేదు. జన్మంతా చాకిరీ చేసినవాణ్ణి వదిలి, చేయించుకున్నవాడికి గ్రాట్యుటీ ఇచ్చినట్టన్నమాట. పైగా విముక్తులైనవారు అప్రెంటిసుల పేరుతో పాత యజమాని దగ్గరే పనిచేయాలన్నారు. ఆ కట్టడి 1839 దాకా సాగింది. అది తీరగానే చాలామంది చెరకు తోటలు విడిచి వెళ్ళిపోయారు.

తోటలకు మనుషులు కావాలి కదా! 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి వచ్చి దిగారు. ఆ తేదీ కూడా అక్కడ సెలవే. మన గోదావరి ముఖంలోని కోరంగి రేవు పేరు మీదుగా అక్కడి తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చింది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయలు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోత. లీవు రూల్సుతో సర్వీసంతా గడిపిన మనకు ఆ కోత సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయినా వీరిని బానిసలనడం నాకు సమ్మతం కాదు. వీరిని అమ్మలేరు, వీరి బిడ్డలు యజమాని సొత్తు కారు.

ఫిబ్రవరి 1ని ప్రభుత్వ సెలవుగా పాటించడం 2001లో మొదలైంది. ఆ రోజు దీవి నైరుతి కొసనున్న లె మోర్న్ కొండ దగ్గర పూలమాలలు ఉంచుతారు. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న కొండ అది. విడుదల వార్త చెప్పడానికి పోలీసులు పైకి వస్తుంటే, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకొని వారు అంచు మీదనుంచి దూకి ప్రాణాలు విడిచారని అక్కడివారు తరతరాలుగా చెప్పుకొంటారు.