చీటీ మీద లేని పేరు

జగిత్యాల దగ్గరి సారంగాపూర్‌లో మా మేనత్త ఇంట్లో, దేవుడి గూటి పక్కన, ఒక పాత క్యాసెట్ ఉంది. పైఅంచున రెండు మూలల్లో ఉండాల్సిన ప్లాస్టిక్ పలుకులు విరిచేసి ఉన్నాయి. ఆ బొక్కల్లో కాగితం ఉండలు కుక్కారు. క్యాసెట్ల కాలం ఎరిగినవాళ్లకు ఇదేమిటో చెప్పక్కర్లేదు. పలుకు విరిగిన క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాదు, కాగితం కుక్కితే అవుతుంది. ఎవరో డబ్బు పెట్టి కొన్న సినిమా పాటలను చెరిపేసి ఇంకేవో ఎక్కించారన్నమాట. చీటీ మీద నీలం బాల్‌పెన్నుతో రాసింది ఇంతే: ‘దుబ్బరాజన్న జాతర. మంచిగున్నయి.’

“ఎవలు పాడిన్రత్తా?” అని అడిగాను.

“ఏమో బిడ్డా. కోరుట్ల దోస్తు దగ్గర మీ మామ ఎక్కిచ్చుకచ్చిండు. ఇను, మంచిగుంటయ్.”

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టీలో పాట నడిచిన తీరంతా ఆ ‘ఇను, మంచిగుంటయ్’లోనే ఉంది. వెనక కంపెనీ లేదు, గోడ మీద పోస్టరు లేదు. విన్నవాడు ఇంకొకడి చెవిన వేశాడు, అంతే. పాట మాత్రం భద్రంగా చేరింది. పాడినవాళ్ల పేరే దారిలో ఎక్కడో జారిపోయింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఒగ్గుకథ సంగతే చూడండి. ఒగ్గు అంటే శివుడి డమరుకం. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలను డోలు, తాళాలు, కంజీర, నపీరలతో రాత్రంతా చెబుతారు. ఊళ్లో దేవుడి పేర పట్నాలు (రంగుల ముగ్గులు) వేయించాలనుకున్న కుటుంబం ఎవరిని పిలవాలా అని చుట్టాలను వాకబు చేసేది. “మా తాన పోయినేడు ఫలానా ఆయన చెప్పిండు, ఆడోళ్లంతా ఏడ్సిన్రు” అంటే చాలు, బయానా (అడ్వాన్సు) వెళ్లేది. బయానా ఇవ్వాలంటే మనిషి కావాలి, మనిషికి పేరూ ఊరూ కావాలి. అప్పట్లో ఒక కళాకారుడి గురించి నలుగురికి చెప్పడమంటే ఆ పేరు చెప్పడమే.

వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు అలా నోటి మాట మీదే ఊరూరా తిరిగిన ఒగ్గు కథకుడు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఆ గొంతు వెళ్లింది. 2010లో ఆయన కన్నుమూశారు. జ్ఞానపీఠం అందుకున్న సినారెదీ అదే హన్మాజీపేట. చిన్నతనంలో హరికథలు, జంగం కథల వెంట తిరిగిన పిల్లవాడాయన. ఒకే ఊరి నుంచి ఒకరు పుస్తకాల్లోకి, ఇంకొకరు జనం నోళ్లలోకి వెళ్లారు. పుస్తకాల్లోకి వెళ్లిన పేరును కాపాడటానికి గ్రంథాలయాలున్నాయి. రెండో పేరు విన్నవాళ్ల జ్ఞాపకం మీదే బతకాలి.

పేరును కావాలనే దాచిన కాలం కూడా ఇక్కడ ఉంది. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీలు దొరల మీద కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో కొత్త పాట వచ్చిందని చెప్పాలంటే తలుపు దగ్గరగా వేసి చెప్పాల్సిందే. ఎవరు కట్టారని అడగడం మర్యాద కాదు, క్షేమమూ కాదు. గుమ్మడి విఠల్ అనే మనిషి గద్దర్‌గానే లోకానికి తెలిశాడు కదా. పేరు లేకపోవడం అప్పుడు పాడేవాళ్లకు కవచం. ఆ అలవాటు అవసరం తీరాక కూడా మనల్ని వదల్లేదని నా అనుమానం.

తర్వాత టేప్ రికార్డర్లు ఇల్లిల్లూ చేరాయి. ఈ పట్టీలో వాటిని దుబాయి, మస్కట్, సౌదీల నుంచి వచ్చినవాళ్లు చంకన పెట్టుకుని దిగేవారు. బస్టాండు పక్క రికార్డింగ్ సెంటర్లో కావలసిన పాటలు తెల్లకాగితం మీద రాసిచ్చి, తొంభై నిమిషాల క్యాసెట్ నింపించుకునేవాళ్లం. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు దిగినకొద్దీ బుస్సుమనే చప్పుడు పెరిగి గొంతు పలచబడేది. గల్ఫ్‌కు వెళ్లే క్యాసెట్‌లో రెండు పాటల మధ్య అమ్మ ఏడుపు, పిల్లల ముచ్చట్లు కూడా ఎక్కేవి.

ఈ పాటలను ఒడిసిపట్టినవాళ్లు ఎక్కువగా బీడీలు చేసే ఆడవాళ్లు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులకు తీరిక లేదు గానీ చెవులు ఖాళీ. (క్యూబాలో చుట్టలు చుట్టే కార్ఖానాల్లో 1865 నుంచే పనివాళ్లు తలా కొంత వేసుకుని, పక్కన కూర్చుని నవలలు చదివిపెట్టే మనిషిని కుదుర్చుకున్నారు. మన వాకిళ్లలో ఆ పని టేప్ రికార్డర్ చేసింది.) మా అత్త వాడకట్టులో ఏ పాట నిలుస్తుందో ఏది పోతుందో ఆ అరుగు మీదే తేలిపోయేది. వెయ్యి బీడీలు పూర్తయ్యేలోపు “మల్ల పెట్టు” అని నాలుగుసార్లు అంటే ఆ పాట గట్టెక్కినట్టు.

ఒగ్గుకథకు బయానా ఇచ్చినట్టు క్యాసెట్‌కు ఇవ్వక్కర్లేదు. పేరుతో పని లేకుండా పోయింది అక్కడే. మెమరీ కార్డులు వచ్చాక పాట పేరు కూడా పోయి ‘ట్రాక్ 07’ అయింది. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ పొలంగట్ల మీద యూట్యూబ్ జానపదాల చిత్రీకరణ రోజూ కనిపించే దృశ్యం. రాసినవారు, పాడినవారు, డోలు కొట్టినవారు అందరి పేర్లూ పాట కింద ఉంటాయి. అదే పాట వాట్సాప్ స్టేటస్‌లో చిన్న ముక్కయితే కిందిదంతా తెగిపోతుంది.

పేరు తెగితే ఏమవుతుందో 2021లో ‘సారంగ దరియా’ చూపించింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆ జానపదాన్ని టీవీలో ‘రేలా రే రేలా’లో శిరీష గొంతులో విన్నారు. ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం ఆ పల్లవితో సుద్దాల అశోక్‌తేజ పాట రాశారు, మంగ్లి పాడారు. పాట ఊరూవాడా మోగాక, దాన్ని వెలుగులోకి తెచ్చింది తానేనని జానపద గాయని కోమలి ముందుకొచ్చారు. చివరికి ఆమె పేరు వేస్తామని దర్శకుడే ప్రకటించారు. ఎవరిది తప్పు అన్న పంచాయితీ నాకక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆ పాటను ఒకరికొకరు చెప్పుకున్న మనలో ఎందరం కోమలి పేరు కూడా కలిపి చెప్పాం?

పాటలోనే ఆనవాలు ఉంటే మనిషిని వెతికి పట్టుకోవచ్చు. అమెరికాలో మిసిసిపి జాన్ హర్ట్ అనే నల్లజాతి గాయకుడు 1928లో కొన్ని రికార్డులిచ్చి, అవి అమ్ముడుపోక మళ్లీ సేద్యంలో పడ్డాడు. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత రికార్డులు ఏరి, 84 పాటల సంకలనం తెచ్చాడు. అందులో హర్ట్ పాటలు విని కుర్రకారు వెర్రెత్తిపోయింది కానీ, మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. హర్ట్ ఇంకో పాటలో అవలాన్ తన ఊరని పాడుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని 1963లో టామ్ హాస్కిన్స్ అనే అభిమాని ఆ పల్లెకు వెళితే, హర్ట్ అక్కడే ఉన్నాడు. మరో మూడేళ్లు బతికాడు, పెద్ద పెద్ద వేదికల మీద పాడాడు.

ఊరిని పాటలో కట్టేసే తెలివి మనకూ కొత్త కాదు. మా పక్కనే ధర్మపురి. శేషప్ప కవి జీవితం గురించి తెలిసింది తక్కువే. కానీ ‘నరసింహ శతకం’ మకుటంలో ఆయన ధర్మపురిని ఇరికించాడు. పద్యం ఎంత దూరం పోయినా ఊరి చిరునామా దాని వెంటే పోయింది.

మా అత్త క్యాసెట్‌కు మకుటం లేదు. మొన్న శివరాత్రికి వెళ్లినప్పుడు, నలిగిన టేపును పెన్సిల్‌తో తిప్పి సరిచేసి, రెండో వైపు పూర్తిగా విన్నాను. పాట మధ్యలో డోలు ఆగింది. చదివింపులు మొదలయ్యాయి. పది రూపాయలు ఒకరు, అయిదు రూపాయలు ఒకరు, కొబ్బరికాయ ఒకరు. ఇంటిపేర్లతో సహా ఏడుగురి పేర్లు తేటగా వినిపించాయి. ఇచ్చిన ప్రతివాళ్ల పేరూ ఉంది, పాడుతున్నాయన పేరు తప్ప.

మూడో పేరు వినగానే అత్త చాట పక్కన పెట్టింది.

“గాయిన మనుమడు పెంబట్లల్నే ఉంటడు గదా! గా యేడు పట్నాలేయిచ్చింది వాళ్లే. ఎవలను పిలిచిన్రో వాళ్లింట్ల ఎరుకుంటది.”

పెంబట్ల అంటే దుబ్బరాజన్న గుడి ఉన్న ఊరే. అత్త ఇంటి నుంచి బండి మీద పోయిరావచ్చు. క్యాసెట్ జేబులో వేసుకున్నాను.