గోదావరి ఆవలి అక్షరములు

మల్యాలనుండి ఉత్తరముగా జగిత్యాల, ధర్మపురి దాటి గోదావరి ఆవలి యొడ్డునకు చేరినచో, ఆ పైనున్న అడవులు, కొండలు చిరకాలముగా రాజగోండుల నివాసము. నడుమ నున్నది ఒక్క యేరే యైనను, చదువు విషయమున రెండు గట్టుల చరిత్ర వేరు. నిజాము పాలనలో ఈ గట్టున తెలుగుబిడ్డ ఉర్దూలో చదువవలసి వచ్చెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే జరిగెను. అయినను 1901లో హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని ఊరూర వెలసిన గ్రంథాలయములు తెలుగును నిలిపినవి. గోండులకు అట్టి ఆసరా లేకపోయెను. వారి గోండీయు ద్రావిడభాషయే, తెలుగునకు చుట్టమే. కాని వారి బిడ్డలకు ఆ భాషలో బడిపుస్తక మొక్కటియు లేదు.

చదువు లేమి వలన కలిగిన నష్టము చిన్నది కాదు. పట్టా యననేమో, సర్కారు కాగితమున నేమున్నదో తెలియక, అడవి హద్దుల పేర, వడ్డీ అప్పుల పేర తాతలనాటి భూములు చేజారిపోయెను. 1940లో జోడెఘాట్ కొండలలో కుమ్రం భీము, ఆయన అనుచరులు తుపాకులకు బలియైన పిదపగాని సర్కారు కన్ను తెరువలేదు. గోండుల స్థితిగతులను విచారించుటకు నియుక్తుడైనవాడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు. ప్రపంచయుద్ధమున శత్రుదేశీయుడుగా ఎంచబడి హైదరాబాదు రాజ్యమున నిలిచిపోయిన ఆయన, భార్య బెట్టీతో మార్లవాయి గ్రామమున గోండుల నడుమ నివసించెను.

1943లో మార్లవాయిలోనే గోండు విద్యాపథకము ఆరంభమయ్యెను. బిడ్డలకు చదువు చెప్పుటకు అక్షరము వచ్చిన గోండు దొరకుటయే దుర్లభము. అందువలన ముందుగా పెద్దలను కూర్చుండబెట్టి, వారిని ఉపాధ్యాయులుగా తీర్చిరి. ఆ ప్రాంతమున మరాఠీ పరిచితమగుటచే గోండీ వాచకములను నాగరిలిపిలో కూర్చిరి. ఇంటి మాటతో మొదలిడి పరభాషకు పోవుటలోని సౌలభ్యమును తెలుగువారికి వేరుగా చెప్పవలెనా?

హైమెన్‌డార్ఫ్ ఉస్మానియాలో ఆచార్యుడయ్యెను. ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఆయన ఆంగ్లగ్రంథము 1948లో వెలువడెను. ఎవరి కథ అందున్నదో వారికే అది అందని పుస్తకము! నిజాము పాలన ముగిసిన పిదప గోండీ వాచకములు క్రమముగా మూలబడెను. 1956 తరువాత అచ్చట తెలుగే బడిభాష యయ్యెను. ఉర్దూ క్రింద తెలుగుబిడ్డ పడిన అవస్థనే తెలుగు క్రింద గోండుబిడ్డ పడెను. ఈ సంగతిని మన గ్రంథాలయోద్యమ చరిత్రలు ప్రస్తావించుట అరుదు.

గోండులకు లిపి లేదని అంతవరకు చాలమంది నమ్మిరి. ఆ నమ్మకమును చెదరగొట్టినది ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమందలి గుంజాల గ్రామము. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వమున అచ్చట సుమారు పండ్రెండు వ్రాతప్రతులను సేకరించిరి. అవి రమారమి 1750 నాటివని అంచనా. ఆ లిపి గోండీకి ప్రత్యేకించినది. చదువగలవారు ఊరిలో కొద్దిమంది వృద్ధులే మిగిలియుండిరి. అనగా మార్లవాయిలో నాగరిలిపి నేర్పుచున్న నాడు గోండుల సొంత అక్షరములు ఆ కొండసీమలోనే ఉండెను. పండితులు వచ్చి లిపిని ప్రసాదించిరనుట సరికాదు. వృద్ధులు కాపాడినదానిని వారి యొద్ద నేర్చుకొనిరి. 2014లో ఆ లిపికి ముద్రణాక్షరములు సిద్ధమయ్యెను. 2018లో యూనికోడ్‌లో చోటు లభించుటతో కంప్యూటరులందు ఆ అక్షరములను వాడుటకు మార్గ మేర్పడెను.

బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో గతించిన హైమెన్‌డార్ఫ్ చితాభస్మమును 2012లో తెచ్చి ఆమె చెంత నుంచిరి. ఆయన వ్రాతలు, ఛాయాచిత్రములు మాత్రము లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్యవిద్యాసంస్థలో నున్నవి. చిత్రములలో కొన్ని నేడు అంతర్జాలమున చూడ వీలగుచున్నవి. తాతల ముఖములను చూడగోరిన మార్లవాయి మనుమలు వానిని ఆ పరదేశపు భాండారముననే వెదకికొనవలెను.