రెండు ఉత్తర రామాయణములు: చలనచిత్రమున నిదానము, టెలివిజనున త్వర



చలనచిత్రములు తీయువారును, టెలివిజనునకు కథలు తీయువారును ఒకే వృత్తివారని మనలో ననేకులు తలంతురు. ఇరువురకును కెమెరా కావలెను, దీపములు కావలెను, వేషధారులు కావలెను. అయినను వారి దినచర్యలను పోల్చి చూచినచో, ఏండ్ల తరబడి కూర్చుండి ప్రబంధము వ్రాయు కవికిని, సభలో పృచ్ఛకుల నడుమ నప్పటికప్పుడు పద్యము చెప్పు నవధానికిని ఎంత భేదము కలదో, అంత భేదము కనబడును. ఈ భేద మెట్లు కలిగెను? దానివలన కథకు కలిగిన లాభనష్టము లెవ్వి? ఈ విషయమును మనకందరకు పరిచితమైన రామకథ నాధారముగా గొని మనవి చేసెదను.

మొదట చలనచిత్రము సంగతి. సీతమ్మవారిని అడవికి పంపుట, కుశలవుల జననము, అశ్వమేధము అను ఉత్తర రామాయణ కథను చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో ‘లవకుశ’ యను పేర టాకీగా తీసిరి. మరల ఆయనయే 1958 ప్రాంతమున ఆ కథనే రంగులలో తీయ నారంభించిరి. శంకరరెడ్డిగారు నిర్మాత. నందమూరి తారకరామారావుగారు రాముడు, అంజలీదేవిగారు సీత. కొంత భాగము తీసిన పిమ్మట ధనము చాలక పని నిలిచిపోయెను. తిరిగి పూనుకొనునాటికి పుల్లయ్యగారి యారోగ్యము సహకరింపలేదు. వారి కుమారులు సి.ఎస్. రావుగారు మిగిలిన భాగమును పూర్తిచేసిరి. 1963 మార్చి 29న చిత్రము విడుదల యయ్యెను. తండ్రి మొదలిడిన పనిని కుమారుడు ముగించుటకు అయిదేండ్లు పట్టినది. చూచుటకు మాత్రము మూడున్నర గంటలు. పల్లెల నుండి జనులు బండ్లు కట్టుకొని పట్టణములకు బోయి ఆ చిత్రమును చూచిరి.

ధనము మాట యటుండనిండు. ధనము సమృద్ధిగా నున్నను చలనచిత్రము నిదానపు పనియే. ఆ కాలమున ఫిలిముపై తీసిన దృశ్యము ఎట్లు వచ్చినదో ఆనాడే తెలియదు. దానిని ప్రయోగశాలకు పంపి, కడిగించి, ప్రతి తీయించి చూడవలెను. బాగుగా లేనిచో మరల తీయవలెను. పెద్ద తెరపై చిన్న లోపమైనను పర్వతమువలె కనబడును గనుక, కెమెరాను ఒక చోటి నుండి వేరొక చోటికి మార్చినప్పుడెల్ల దీపములన్నిటిని మరల సర్దుకొందురు. దినమెల్ల శ్రమించి రెండు మూడు నిమిషముల చిత్రమును సంపాదించినచో ఆ దినము మంచి దినమే.

ఇక టెలివిజను. మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా నారంభమైనది. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసినది. 1982లో రంగులు వచ్చినవి. 1987 జనవరి 25, ఆదివారమునాడు దూరదర్శనునందు ‘రామాయణ్’ అను హిందీ ధారావాహిక మొదలయ్యెను. దానిని నిర్మించిన రామానందసాగరుగారు అంతకుముందు అనేక సంవత్సరములు హిందీ చలనచిత్రములు తీసినవారే. గుజరాతు సముద్రతీరమున ఉమర్‌గాఁవ్ నందు స్టూడియో యేర్పరచుకొని, నటులను పనివారలను అచ్చటనే నిలిపి, పని సాగించిరి. 52 భాగములని తలపెట్టినది 78 భాగములై, 1988 జూలై 31న ముగిసినది. లెక్క వేసి చూడుడు. ఆ రెండు తేదీలను కలుపుకొని నడుమ నున్న ఆదివారములు 80. భాగములు 78. ఒక్కొక్కటి తక్కువలో తక్కువ 35 నిమిషములనుకొన్నను, మొత్తము 45 గంటలకు మించును. ‘లవకుశ’ వంటి చిత్రములు పదుమూడు చేయునంతటి కథను ఏడాదిన్నరలో తీసిరన్నమాట.

ఇది యెట్లు సాధ్యమైనది? టేపుపై పట్టిన దృశ్యమును ఆ క్షణముననే చూచుకొనవచ్చును. ప్రయోగశాలకై వేచియుండ నక్కరలేదు. తెర చిన్నది గనుక దూరపు వైభవముకంటె దగ్గరి ముఖములతోనే కథ నడచును. స్టూడియోలో తీయు కథలకు రెండు మూడు కెమెరాలను ఒక్కసారిగా నడిపించి, ఒక సంభాషణమును పలుమార్లు తీయు శ్రమను తప్పించుకొందురు. ఇవి సాధనములు. అసలు కారణము వేరు. టెలివిజను వారు ప్రేక్షకునకు ఒక వేళను మాట యిచ్చియున్నారు. సినిమా సిద్ధమైనప్పుడు విడుదల చేయుదురు. ఆదివారము మాత్రము తన వేళకు తాను వచ్చి తీరును.

ఆ దినములలో నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన తెలుగు పండితుడను. ఊరికంతకు ఒకటి రెండు టెలివిజను పెట్టెలుండెడివి. ఆదివారము ఉదయమున అరుగు నిండ జనము. కొందరు స్త్రీలు పెట్టెకు బొట్టు పెట్టి హారతి యిచ్చెడివారు. భాష హిందీ, అయినను కథ తెలియనివారెవరు? నేను మాత్రము పెదవి విరిచితిని. బాణము బాణము నెదుర్కొనుటకు ఇంత సేపా, ఒక్క మాటకు అందరి ముఖములను వరుసగా చూపుట యేల, ఇది తొందరపని యని విమర్శించితిని. ప్రక్కనున్న వృద్ధ హరిదాసుగారు నవ్వి యిట్లనిరి:

“అబ్బాయీ, నేను నవరాత్రులలో తొమ్మిది రాత్రులు కథ చెప్పుదును. అయిదవనాటికి గొంతు బొంగురుపోయినను ఊరివారు వచ్చి కూర్చుందురు. గొంతు బాగైన పిమ్మట చెప్పెదనన్న వినునదెవరు? ఈయనదియు అట్టి పనియే.”

నాడు నేను ఒప్పుకొనలేదు. తరువాత ఆలోచింపగా ఆయన మాటలోని న్యాయము తెలిసినది. నా విమర్శలోనే యొక వింత యున్నది. తొందరగా తీసిన కథ తెరపై నిదానముగా నడచినది. నిదానముగా తీసిన కథ చురుకుగా నడచినది. కారణమేమనగా, కథను సంక్షేపించుటకే ఎక్కువ కాలము కావలెను. విద్యార్థికి వ్యవధి యిచ్చినచో వ్యాసము పుటలో ముగించును; గంట కొట్టువేళకు వ్రాయుమన్నచో మూడు పుటలు నింపును. నలుబది యేండ్ల బోధనలో ఇది నేను ప్రతి పరీక్షయందును చూచితిని.

అట్లని త్వరకు గుణము లేకపోలేదు. 1988లో ‘రామాయణ్’ పట్టాభిషేకముతో ముగియునని తెలిసినప్పుడు, పంజాబునందలి జలంధరు మొదలైన పట్టణములలో పారిశుద్ధ్యపు పనివారు సమ్మె కట్టిరి. వారు వాల్మీకి మహర్షిని తమ గురువుగా కొలుచువారు. వాల్మీకి ఆశ్రమమున సీతమ్మవారు తల దాచుకొన్న కథను చూపక ముగించుట తగదని వారి వాదము. ప్రభుత్వమువారు అంగీకరించిరి. జూలై 31 దాటి మూడు మాసములు తిరుగకమునుపే, అక్టోబరులో ఉత్తర రామాయణ ప్రసార మారంభమయ్యెను. తెలుగున అయిదేండ్లు పట్టిన ఆ కథయే, అడిగినవారి యెదుటికి మూడు మాసములలోపల వచ్చినది. వీధులూడ్చు పేదల మాటను విని వెనువెంటనే బదులు చెప్పుట నిదానపు చలనచిత్రమునకు సాధ్యము కాదు.

అయితే ఆ త్వర మూల్యమును చెల్లించువా రెవరు? 1995లో తెలుగునందు ప్రైవేటు ఛానళ్లు వచ్చిన పిమ్మట వారపు కథలు దినపు కథలైనవి. దినమునకు ఇరువది నిమిషములకు పైబడిన కథను తీయవలెను. సంభాషణములు చేతికి వచ్చిన గంటలోనే నటులు అప్పగింపవలెను. దీపములు మోయువారు, వస్త్రములు సర్దువారు ప్రొద్దు క్రుంకినను ఇంటికి పోలేరు. మనము భోజనము చేయుచు చూచు కథ వెనుక వారి నిద్ర లేమి యున్నదని తలంపవలెను.

కావున, నాయనలారా, త్వరను నిందించుట నేను మానుకొంటిని. అవధాని క్షణములో పద్యము చెప్పుచున్నాడనిన, అంతకుముందు ఇరువది యేండ్లు శాస్త్రములు, కావ్యములు చదివియున్నాడు. రామానందసాగరుగారి త్వర వెనుకను చలనచిత్రములలో గడచిన దశాబ్దములున్నవి. కనుకనే 2020 మార్చి మాసాంతమున, వ్యాధి భయముచే దేశమంతయు తలుపులు మూసికొన్నవేళ, ఆ ‘రామాయణ్’నే మరల ప్రసారము చేసిరి. నాడు అరుగుమీద కూర్చున్న పిల్లలు తమ బిడ్డలతో కలిసి చూచిరి. ‘లవకుశ’యు నేటికిని మన యిండ్లలో వినబడుచునే యున్నది. ఒకటి నిదానముగా పుట్టినది, ఒకటి త్వరగా పుట్టినది. రెండింటి వెనుకను చిరకాల సాధన యున్నది. ఆ సాధన లేకుండ త్వరపడువానిని చూచినప్పుడే మనము జాలిపడవలెను.

సెలవు.