ఒక్క అక్షరం జవాబు

మా అత్తమ్మకు మనవడి మీద కోపం వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంటోంది. పొద్దంతా కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, బెంగళూరులో ఉన్న మా పెద్దోడికి వాట్సాప్‌లో రాసింది. మోకాలి నొప్పి తగ్గిందని, బయటి తిండి తినొద్దని, దసరాకు రమ్మని. వాడు "కె" అని పంపాడు. ఇంగ్లీషులో ఒకే ఒక్క అక్షరం.

"నేను గంత రాస్తె గీ ఒక్క అక్షరమేనా? నాతోని మాట్లాడుడే ఇష్టం లేదా వానికి?" అని నాకు ఫోన్.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ మెట్రోలో మూడో స్టేషనే కదా, ఆదివారం వెళ్లాను, ఈ పొట్టి మాటల సంగతి చెబుదామని. "కె" అంటే "ఓకే"లో సగం అత్తమ్మా, కోపం కాదు అన్నాను. "రెండక్షరాల మాటల గూడ సగం మిగుల్చుకున్నడా?" అంది. నిజమే, ఎందుకు మిగుల్చుకున్నట్టు?

ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలే హద్దు. 1985లో జర్మనీలో హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైప్‌రైటర్ మీద తోచిన వాక్యాలు కొట్టి, ఒక్కోదానికి ఎన్ని అక్షరాలు పడుతున్నాయో లెక్కపెట్టి, 160 చాలు అనుకున్నాడట. మనకు ఆ సెల్‌ఫోన్లు వచ్చేసరికి ఒక్కో మెసేజ్‌కీ డబ్బులు. అందుకే "గ్రేట్" చివర ఆ శబ్దానికి 8 అంకె వేయడం, "యు" అనడానికి ఒక్క అక్షరం పెట్టడం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు హాస్టళ్లలో కూర్చుని ఈ భాషలోనే మాట్లాడుకునేవారు. పండగ రోజున మాత్రం మెసేజ్ ప్యాక్ పనిచేసేది కాదు, పూర్తి ధర పడేది. ఉగాది శుభాకాంక్షలు ముందురోజు రాత్రే పంపేసేవాళ్లం, గుర్తుందా?

తెలుగు లిపిలో రాస్తే ఇంకా కష్టం. హద్దు 160 కాదు, 70. పైగా "క్షేమం" మన కంటికి రెండక్షరాలే, ఫోను లెక్కలో ఆరు: వత్తు, ఏత్వం, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. చాలా ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలే కనపడేవి. మన పిల్లలు అమ్మానాన్నలతో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తున్నారని విసుక్కుంటాం గానీ, ఆ అలవాటు వాళ్ల బద్ధకంతో మొదలవలేదు.

ఇదంతా విని అత్తమ్మ నవ్వింది. "టెలిగ్రామే గద ఇది" అంది.

ఆమె కొత్త కోడలిగా సూర్యాపేటలో ఉన్నప్పుడు పుట్టింటి నుంచి టెలిగ్రామ్ వచ్చిందట. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." నాలుగే మాటలు. మాటకింతని డబ్బు. అసలు టెలిగ్రామ్ అనగానే చదవకముందే ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు అందుకునేవారట. నాలుగే మాటలు రాశారేమిటని ఆమెకు కోపం రాలేదు. పెళ్లిళ్లకూ పండగలకూ అయితే నంబర్లుండేవి. పోస్టాఫీసులో ఫలానా నంబరు అని చెబితే చాలు, అటువైపు శుభాకాంక్షల వాక్యం మొత్తం అచ్చయి చేరేది. ఇప్పటి స్టిక్కర్లకు అది అమ్మమ్మ అన్నమాట.

నాకు 2013 ఫిబ్రవరి 21 గుర్తొచ్చింది. సాయంత్రం ఏడు గంటలప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల దగ్గర రెండు బాంబులు పేలాయి. మా వారు ఆ దారినే బస్సులో రావాలి. ఫోన్ కలవదు. టీవీలో చూడలేక, ఆపలేక నిలబడ్డాను. ఎంతసేపటికో ఫోను కూసింది. "సేఫ్" అని ఒక్క మాట. ఆ మెసేజ్‌ను ఆ ఫోను పాడయ్యేదాకా చెరపలేదు. ఆ ఏడాదే జులై 15 నుంచి మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది.

మాటకు ఖరీదున్నన్నాళ్లు పొట్టి మాట ఎవరినీ బాధపెట్టలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైపోయింది. అప్పటి నుంచి ఒక్క అక్షరం పంపితే "ఇంకో రెండు మాటలకు ఏం పోయింది?" అనిపిస్తోంది. పిల్లలకేమో ఆ అక్షరం అలవాటుగా మిగిలిపోయింది. మన దగ్గర మాత్రం గొంతు వినపడని మాటకు అనుమానం వచ్చి చేరుతోంది. ఈ బాధ పాతదే. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో (మన చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డి గారు అప్పుడు అక్కడే పనిచేస్తున్నారు) కంప్యూటర్ బోర్డు మీద వేసిన జోకులను కొందరు నిజమనుకునేవారట. సెప్టెంబరు 19న ఫాల్మన్ అనే ఆయన, జోకయితే రెండు చుక్కలు, అడ్డగీత, బ్రాకెట్ పెట్టండి, పక్కకు తిరిగిన నవ్వు ముఖంలా ఉంటుంది అన్నాడు. మనం వాక్యం చివర పెట్టే నవ్వు బొమ్మకు అది మొదలు.

అత్తమ్మకు ఇంకొన్ని చెప్పాను. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలు కొడితే అరిచినట్టు. కళ్లనీళ్లతో ఉన్న ముఖం ఏడుపు కాదు, పగలబడి నవ్వడం, చావు కబురు కింద పెట్టొద్దు. నీలం టిక్కులు వస్తే చదివినట్టు.

"మా దిక్కు మాటలు గూడ వాడు జర నేర్సుకోవాలె" అంటూ ఫోను అందుకుంది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని కొట్టి పంపేసింది.

టిక్కులు నీలంగా మారాయి. వెంటనే ఫోను మోగింది. "నానమ్మా, ఏమైంది?"