రామగుండం రాళ్లలో నాచు కట్టిన కంబాలు

ప్రాణహిత–గోదావరి లోయలో శిలాజాలంటే అందరూ డైనోసార్ల గురించే అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఇక్కడ దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఠీవిగా నిలబడి ఉంది. అయితే అదే లోయలో, ఆ జంతువు కంటే వంద కోట్ల ఏళ్లకు పైగా ముందే, ఎముక గానీ ఆకు గానీ లేని జీవులు రాతి కట్టడాలు లేపి పోయాయి. వాటిని చూడ్డానికి ఎవరూ బండి కట్టుకుని రారు.

ఈ రాళ్లకు పేరు పెట్టినవాడు విలియం కింగ్. సింగరేణి బొగ్గు చరిత్రలో వినిపించే కింగ్ ఈయనే. భారత భూగర్భ సర్వేలో పనిచేస్తూ 1870లలో ఈ లోయంతా తిరిగి, 1881లో దాని భూగర్భ వివరాలను గ్రంథంగా వెలువరించాడు. బొగ్గు పట్టీకి రెండు పక్కలా అంతకంటే ఎంతో పాత రాళ్లు ఉన్నాయని గుర్తించి, వాటిలో ఒక వరుసకు వరంగల్ వైపున్న పాఖాల్ చెరువు పేరు పెట్టాడు. సర్కారుకు కావలసింది బొగ్గు. కాబట్టి పక్కనున్న సున్నపురాళ్ల ముచ్చట చాలాకాలం అక్కడే ఆగింది.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భూగర్భ శాస్త్రవేత్త అశ్రు చౌధురి 1970లో ఈ లోయలోని స్ట్రోమటోలైట్ల మీద ఒక పరిశోధన ప్రచురించారు. స్ట్రోమటోలైట్ అంటే బ్యాక్టీరియా పొరలు పొరలుగా పేరుకుని కట్టిన రాయి. 1908లో జర్మనీకి చెందిన కాల్కోవ్‌స్కీ ఈ పేరు పెట్టాడు. రామగుండం పరిసరాల్లో, పాఖాల్ వరుసలోని పండికుంట సున్నపురాయిలో అవి కనిపిస్తాయి. అడ్డంగా కోసిన రాయిలో, బోర్లించిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపు గీతలు.

కట్టిన తీరు సులువైనదే. నీలి ఆకుపచ్చ నాచు అని మనం పిలిచే సయనోబ్యాక్టీరియా నిజానికి నాచు కాదు, బ్యాక్టీరియా. వాటి కణాలు దారాలుగా అల్లుకుని, జిగురు వదులుతూ, నేల మీద చాపలా పరుచుకుంటాయి. నీళ్లు మోసుకొచ్చే మెత్తటి మట్టి ఆ జిగురుకు అంటుకుంటుంది. వెలుతురు తగ్గగానే దారాలు మట్టిలోంచి పైకి పాకి కొత్త చాప వేస్తాయి. పైగా, కిరణజన్య సంయోగక్రియలో నీటిలోని బొగ్గుపులుసు వాయువును అవి లాగేసుకోవడంతో సున్నం అక్కడే గడ్డకడుతుంది. ఏడాదికి మిల్లీమీటరులో కొంత భాగం, అంతే.

మరి ఒకచోట గుండ్రటి దిబ్బ, ఇంకోచోట నిలువు కంబం, వేరొకచోట చదునైన పొర ఎందుకు? అసలు గొడవ ఇక్కడే మొదలైంది. 1960ల నాటి సోవియట్ శాస్త్రవేత్తలు రూపాన్ని బట్టి స్ట్రోమటోలైట్లకు పేర్లు పెట్టి, ఆ పేర్లతో రాళ్ల వయసు చెప్పేవారు. మన దేశంలోనూ ఆ పద్ధతి నడిచింది. ఈలోగా ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇప్పటికీ పెరుగుతున్న స్ట్రోమటోలైట్లు బయటపడ్డాయి. అలల తాకిడి ఉన్నచోట కంబాలు అల వచ్చే దిక్కుకు సాగి ఉన్నాయి, మాటు ఉన్నచోట చదునైన చాపలే. 1964లో లోగన్, రెజాక్, గిన్స్‌బర్గ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రూపానికీ పరిసరాలకూ ఉన్న ఈ లంకెను ఆధారం చేసుకుని కొత్త వర్గీకరణ ప్రతిపాదించారు. ఈ వాదమే ఎక్కువ నమ్మదగ్గది. నీటి లోతు, అల బలం, మట్టి రాక తేల్చే సంగతిని జీవి ఒక్కదానికే అంటగట్టలేం.

ఆదిలాబాద్ వైపు పోతే ఇదే మాట తలకిందులుగా రుజువవుతుంది. అక్కడి పెన్‌గంగ వరుసలో చాందా సున్నపురాయి ఉంది. పాఖాల్ రాళ్లతో అది సమకాలీనం కాదు, దాని తీరూ వేరు. అది అలలు అందని లోతు నీటిలో పేరుకున్నది కనుక పలుచటి, నున్నటి పొరలే ఎక్కువ. అలాగని ఆ సముద్రంలో జీవం లేదని కాదు. అక్కడి మాంగనీసు ఖనిజంలోనే సూక్ష్మజీవుల శిలాజాలు దొరికాయని 1989లో ‘నేచర్’ పత్రికలో బందోపాధ్యాయ్ ప్రకటించారు.

ఈ రాళ్లు కట్టిన సయనోబ్యాక్టీరియా వంశంవాళ్లు ఇప్పటికీ కరీంనగర్ వరి మడుల్లో ఉన్నారు. నీటిలో నత్రజని లవణాలు కరువైతే దారంలోని పది, ఇరవై కణాలకు ఒకటి మందపాటి గోడ కట్టుకుని, గాలిలోని నత్రజనిని పట్టే పనికి దిగుతుంది. ఆ కణం మళ్లీ విభజన చెందదు. పక్క కణాలు చక్కెర పంపుతాయి, అది వాటికి నత్రజని ఇస్తుంది. మడిలో యూరియా దండిగా పడితే ఈ పని పంపకం చాలావరకు జరగదు. ఆ యూరియాను తయారుచేసే కర్మాగారం స్ట్రోమటోలైట్లున్న రామగుండంలోనే ఉండటం తమాషా. 1980లో మొదలై, 1999లో మూతబడి, 2021లో మళ్లీ తెరుచుకుంది.

ఈ పట్టీలోని సున్నపురాయి మీదే బసంత్‌నగర్‌లో 1969లో, దేవాపూర్‌లో 1982లో సిమెంటు కొలుములు వెలిగాయి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. మరోవైపు, రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా, భోజుండా స్ట్రోమటోలైట్లను భూగర్భ సర్వే జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించింది. ఆ జాబితాలో రామగుండం పేరు లేదు.