చందమామలో చేరిన మకరం

తెలుగు పిల్లలకు డ్రాగన్ లేని లోటు ఎప్పుడూ లేదు, మకరం ఉంది. 1947లో మొదలైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ తర్వాత రాసిన సీరియల్ పేరే ‘మకర దేవత’. చిత్రకారుడు చిత్రా బొమ్మలు, మాంత్రికులు, సముద్రాలు, సాహసాలు. తరాలు ఊపిరి బిగబట్టి చదివినా, రచయిత పేరు మాత్రం పత్రికలో అచ్చయ్యేది కాదు. ఇది కాస్త అన్యాయమే.

మకరమంటే నిఘంటువు ‘మొసలి’ అని తేల్చేస్తుంది. శిల్పులు అంత తేలిగ్గా ఊరుకోలేదు. ఏనుగు తొండం, మొసలి దవడలు, చేప తోక కలిపి ఏ నదిలోనూ దొరకని జంతువును చెక్కారు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి అమరావతి స్తూప శిల్పాల్లో దాని నోటి నుంచి తామరతీగలు సాగుతాయి. గంగకూ వరుణుడికీ అది వాహనం, మన్మథుడికి జెండా గుర్తు, విష్ణువుకు చెవి కుండలం.

పడమటి డ్రాగన్ నిధికి కాపలా కాస్తూ నిప్పులు కక్కుతుంది. మకరానిది నీటి కొలువు, కక్కినా పూలతీగలే.

ఏ ఊళ్లోనైనా ఉత్సవమూర్తి వెనుక నిలిపే వంపు చట్రాన్ని మకరతోరణం అంటారు. రెండు కొసల్లో నోరు తెరిచి ఉండేవి ఈ మకరాలే. నడినెత్తిన కోరలతో కనిపించే సింహముఖం వేరు, అది కీర్తిముఖం.